పోలీసు, ఫైర్, అంబులెన్స్ రేడియోలకు స్పెక్ట్రమ్ పంపకం: అమెరికా ప్రాంతీయ ప్రణాళికపై తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో ఒక కౌంటీ (మన జిల్లా లాంటిది) పోలీసు శాఖ కొత్త రేడియో వ్యవస్థ పెట్టుకోవాలంటే ముందుగా వెళ్లాల్సింది టవర్ల కంపెనీ దగ్గరికి కాదు. పక్క కౌంటీ వాళ్లు కూడా కూర్చునే ఒక కమిటీ దగ్గరికి వెళ్లాలి. ఆ కమిటీ ఏమిటి, దాని చేతిలో ఏముంది, ఎందుకు పుట్టింది అన్నవి తరచుగా వచ్చే ప్రశ్నలు. జవాబులు కొన్ని పొడుగ్గా ఉంటాయి, కొన్ని రెండు మాటల్లో అయిపోతాయి.

ప్రాంతీయ ప్రణాళిక అంటే ఏమిటి?

పోలీసులు, అగ్నిమాపక సిబ్బంది, అంబులెన్స్ వాళ్లు వాడే కొన్ని రేడియో చానళ్లను ఏ కౌంటీకి ఎన్ని, ఏ నంబర్లవి ఇవ్వాలో ఆ ప్రాంతం వాళ్లే కమిటీగా కూర్చుని తేల్చుకుని రాసుకునే పత్రం. దాన్ని కేంద్ర నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ఆమోదిస్తుంది. లైసెన్స్ ఇచ్చేది ఎఫ్‌సీసీయే. ఎవరికి ఏ చానల్ అన్న పంపకం మాత్రం చాలావరకు స్థానికుల చేతిలోనే ఉంటుంది.

ఫోన్లున్నాయిగా, పోలీసులకు వేరే స్పెక్ట్రమ్ ఎందుకు?

పెద్ద ప్రమాదం జరిగిన చోట జనమంతా ఒకేసారి ఫోన్లు తీస్తారు. మామూలు సెల్ నెట్‌వర్క్ సరిగ్గా అవసరమైన ఆ గంటలోనే మొరాయిస్తుంది. ఫోన్ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి పనికొస్తుంది. ఫైర్ కెప్టెన్‌కు కావలసింది ఒక్క బటన్ నొక్కితే నలభై మందికి ఒకేసారి అర సెకనులో మాట వినపడటం. పైగా నేలమాళిగలోకి దిగి టవర్ సిగ్నల్ పోయినా, రెండు హ్యాండ్‌సెట్లు టవర్ ఊసు లేకుండా నేరుగా పలకరించుకోగలగాలి. రేడియో వాళ్లు దీన్ని టాక్‌అరౌండ్ అంటారు. పొగలో దారి తప్పిన మనిషికి అదే ఆఖరి ఆధారం.

ఇది ఎప్పుడు, ఎందుకు మొదలైంది?

1982 జనవరి 13న వాషింగ్టన్‌లో మంచు కురుస్తుండగా ఎయిర్ ఫ్లోరిడా విమానం గాల్లోకి లేచిన కాసేపటికే 14వ వీధి వంతెనను ఢీకొని పొటోమాక్ నదిలో పడింది. 78 మంది చనిపోయారు. దాదాపు అరగంట తర్వాత అదే నగరంలో మెట్రో రైలు పట్టాలు తప్పింది. సాయానికి వచ్చినవాళ్లు నగరం నుంచీ, నది అవతలి వర్జీనియా నుంచీ, కేంద్ర సంస్థల నుంచీ వచ్చారు. ఎవరి రేడియో వారిదే, ఎవరి బ్యాండ్ వారిదే. ఒకరి మాట ఒకరికి వినపడలేదు. అమెరికాలో ఈ రంగం వాళ్లు పాఠం చెప్పాలంటే ఈ ఉదంతంతోనే మొదలుపెడతారు.

అప్పటికి లైసెన్సుల పద్ధతి ముందొచ్చినవాడికి ముందు అన్నట్టుండేది. పెద్ద నగరాలు ముందే వచ్చి చానళ్లు తీసేసుకున్నాయి. తర్వాత పెరిగిన శివారు కౌంటీలకు మిగిలింది కొంచెమే. ఎఫ్‌సీసీ 1986లో ఎన్‌పీస్పాక్ అనే జాతీయ సలహా కమిటీని వేసింది. దాని సిఫార్సుల మీద 1987 డిసెంబరులో జాతీయ ప్రణాళికను ఆమోదించింది. 821–824, 866–869 మెగాహెర్ట్జ్ మధ్య 6 మెగాహెర్ట్జ్‌ను పబ్లిక్ సేఫ్టీకి, అంటే పోలీసు, ఫైర్, అంబులెన్స్ లాంటి సేవలకు, కేటాయించి, దేశాన్ని 55 ప్రాంతాలుగా విడదీసి, ఒక్కో ప్రాంతం తన ప్రణాళిక తానే రాసుకోవాలంది. ఇప్పటికీ ఈ రంగంలో పాతకాపులు ఆ చానళ్లను ‘ఎన్‌పీస్పాక్ చానళ్లు’ అనే పిలుస్తారు.

రాష్ట్రాలు 50 కదా, ప్రాంతాలు 55 ఎలా అయ్యాయి?

రేడియో తరంగానికి రాష్ట్ర సరిహద్దు తెలియదు కాబట్టి. చాలాచోట్ల రాష్ట్రమే ప్రాంతం: అలబామా ఒకటో ప్రాంతం, ఫ్లోరిడా తొమ్మిదోది. కాలిఫోర్నియా మాత్రం దక్షిణం ఐదు, ఉత్తరం ఆరుగా చీలింది. టెక్సస్ ఆరు ముక్కలైంది. న్యూయార్క్ నగరం, దానికి ఆనుకున్న న్యూజెర్సీ, కనెక్టికట్ కౌంటీలు కలిసి ఎనిమిదో ప్రాంతం. మేరీల్యాండ్, వాషింగ్టన్ నగరం, ఉత్తర వర్జీనియా కలిపి ఇరవయ్యోది. మిషిగన్ సరస్సు దక్షిణ కొసన షికాగో చుట్టూ ఉన్న 54వ ప్రాంతంలో నాలుగు రాష్ట్రాల కౌంటీలున్నాయి. ప్యూర్టోరికో, వర్జిన్ దీవులకు చెరొకటి. ఈ గీతలు గీసినవాళ్లు పరిపాలనా పటాన్ని పక్కన పెట్టి, ఏ టవర్ సిగ్నల్ ఎవరి నెత్తిన పడుతుందో చూశారు. నా దృష్టిలో ఈ వ్యవస్థలో అన్నిటికన్నా తెలివైన పని ఇదే.

ఏ బ్యాండ్లు ఈ ప్రణాళిక కిందికి వస్తాయి?

ప్రధానంగా రెండు. మొదటిది పైన చెప్పిన 800 మెగాహెర్ట్జ్ ఎన్‌పీస్పాక్ భాగం. ఇప్పుడు అది 806–809, 851–854కి మారింది, ఆ కథ కింద ఉంది. అందులో 230 చానల్ జతలున్నాయి. జత అంటే హ్యాండ్‌సెట్ నుంచి టవర్‌కు ఒక ఫ్రీక్వెన్సీ, టవర్ నుంచి హ్యాండ్‌సెట్‌కు ఇంకొకటి.

రెండోది 700 మెగాహెర్ట్జ్. 1997లో కాంగ్రెస్ టీవీ 60 నుంచి 69 చానళ్ల చోటు ఖాళీ చేయించి అందులో 24 మెగాహెర్ట్జ్ పబ్లిక్ సేఫ్టీకి ఇమ్మంది. టీవీ స్టేషన్లు పూర్తిగా వైదొలిగింది 2009 జూన్ 12న, అనలాగ్ ప్రసారాలు ఆగిన రోజున. కాగితం మీద ఇచ్చిన స్పెక్ట్రమ్ పెద్ద నగరాల్లో గాల్లోకి రావడానికి పన్నెండేళ్లు పట్టిందన్నమాట. మాటలకు వాడే నారోబ్యాండ్ భాగం ఇప్పుడు 769–775, 799–805 మెగాహెర్ట్జ్. 6.25 కిలోహెర్ట్జ్ చొప్పున కోస్తే 960 జతలు వస్తాయి. అందులో 192 జతలు నేరుగా రాష్ట్రాల పేర, 64 అందరూ కలిసి వాడుకోవడానికి. ప్రాంతీయ కమిటీలు పంచేది ‘జనరల్ యూజ్’ అనే పెద్ద భాగాన్ని.

పాత వీహెచ్‌ఎఫ్, యూహెచ్‌ఎఫ్ బ్యాండ్లకు ఈ కమిటీలతో పని లేదు. అక్కడ ఫ్రీక్వెన్సీ కోఆర్డినేటర్లు ఒక్కో దరఖాస్తును విడిగా చూస్తారు.

కమిటీలో ఎవరుంటారు? జీతాలు ఎవరిస్తారు?

ఎవరూ ఇవ్వరు. పోలీసు శాఖ రేడియో మేనేజరు, ఫైర్ బెటాలియన్ చీఫ్, కౌంటీ 911 (అత్యవసర ఫోన్ కాల్స్) కేంద్రం డైరెక్టరు, రాష్ట్ర రవాణా శాఖ ఇంజినీరు లాంటివాళ్లు తమ ఉద్యోగం తాము చేసుకుంటూ ఈ పనిని నెత్తికెత్తుకుంటారు. ఎఫ్‌సీసీ నుంచి కమిటీలకు బడ్జెట్ రాదు. జాతీయ స్థాయిలో ఈ కమిటీలు కలిసి మాట్లాడుకోవడానికి ఒక మండలి ఉంది, అదీ స్వచ్ఛందమే. వందల కోట్ల డాలర్ల రేడియో వ్యవస్థల భవిష్యత్తు సాయంత్రం పూట ఖాళీ చేసుకుని వచ్చినవాళ్ల ఓపిక మీద నడుస్తోందంటే విడ్డూరమే. అయితే తమ కౌంటీలో ఏ కొండ వెనక సిగ్నల్ చచ్చిపోతుందో తెలిసినవాళ్లూ వీళ్లే.

ప్రణాళిక పత్రంలో ఏముండాలి?

ఎఫ్‌సీసీ నియమాలు కొన్ని తప్పనిసరి అంశాలు చెబుతాయి. అధ్యక్షుడెవరు, సభ్యులెవరు, అర్హులందరి అవసరాలనూ ఎలా లెక్కలోకి తీసుకున్నారు, చానళ్లు ఎలా పంచారు, ఇంటర్‌ఫియరెన్స్ (ఒకరి సిగ్నల్ ఇంకొకరికి అడ్డుపడటం) రాకుండా ఏ లెక్క వాడారు, పొరుగు ప్రాంతాలతో ఎలా ఒప్పందానికి వచ్చారు, రేపు మార్పులెలా చేస్తారు. మీటింగులన్నీ బహిరంగంగా జరిగాయని అధ్యక్షుడు ధ్రువీకరించాలి.

రెండు కౌంటీలు ఒకే చానల్‌ను ఎలా వాడుకుంటాయి?

మొత్తం విషయానికి ఆయువుపట్టు ఇది. 230 జతలు దేశమంతటికీ కలిపి 230 మందికే ఇచ్చి చేతులు దులుపుకోవడానికి లేదు. అదే చానల్‌ను తగినంత దూరంలో మళ్లీ మళ్లీ వాడాలి. ఎంత దూరమంటే మైళ్లలో చెప్పలేం. 800 మెగాహెర్ట్జ్ తరంగం దాదాపు చూపు పారినంత మేర వెళ్తుంది. వంద మీటర్ల టవర్ మీది నుంచి రేడియో దిగ్మండలం సుమారు 41 కిలోమీటర్లు. అదే యాంటెన్నాను చుట్టుపక్కల కన్నా వెయ్యి మీటర్లు ఎత్తున్న కొండ మీద పెడితే 130 కిలోమీటర్లు. అందుకే మైదానంలో తగువు రాని దూరం కొండప్రాంతంలో తగువు తెస్తుంది.

కమిటీలు వాడే లెక్క ఇలా ఉంటుంది. ఒక కౌంటీ తన హద్దులోపల తన సిగ్నల్ వాడుకోగలిగేంత గట్టిగా ఉండేలా చూసుకోవాలి. చాలా ప్రణాళికల్లో ఆ గీత 40 డీబీయూ, అంటే మీటరుకు వంద మైక్రోవోల్టుల బలం. ఆ గీత తన హద్దు దాటి కొద్ది మైళ్లకు మించి పోకూడదు. అదే చానల్ వాడే ఇంకొకరి సిగ్నల్ ఆ గీత దగ్గరికి వచ్చేసరికి 5 డీబీయూకి, మీటరుకు రెండు మైక్రోవోల్టుల లోపుకి, నీరసించిపోవాలి. రెండు గీతలూ ఒకదాని మీదికి ఒకటి రాకుంటే సరే సరి. వస్తే టవర్ ఎత్తు తగ్గించాలి, పవర్ తగ్గించాలి, లేదా యాంటెన్నాను ఒక పక్కకే కొట్టేలా తిప్పాలి.

పొలం గట్టు తగాదా చూసినవాళ్లకు ఈ లెక్క వెంటనే తలకెక్కుతుంది. ఇక్కడ గట్టు కంటికి కనపడదు, కంప్యూటర్ గీసిన వంకర గీత. కమిటీ మీటింగుల్లో సగం సమయం ఆ గీతను ఏ నమూనాతో గీశావన్న దాని మీదే పోతుంది.

ఇంకో చిక్కు ఒకే టవర్ మీదే ఉంది. ఒక యాంటెన్నాకు చాలా ట్రాన్స్‌మిటర్లను కలిపే కంబైనర్‌కు చానల్‌కూ చానల్‌కూ మధ్య ఎడం కావాలి. అందుకే ఒక కౌంటీకి వరస నంబర్లు ఇవ్వరు. 700 మెగాహెర్ట్జ్‌లో ఈ ఎడం కనీసం 250 కిలోహెర్ట్జ్ ఉండేలా చూస్తూ, 25 కిలోహెర్ట్జ్ ముక్కలుగా కౌంటీలకు ముందే పంచిపెట్టారు. ఆ ముందస్తు పంపకానికి క్యాప్‌రాడ్ అనే డేటాబేస్ వాడారు. కౌంటీ ఇంకా డబ్బు కూడబెట్టుకోకపోయినా దాని పేరున కొన్ని చానళ్లు ఎదురుచూస్తుంటాయి. పేద గ్రామీణ కౌంటీకి ఈ పద్ధతి చేసిన మేలు పెద్దది.

మా కౌంటీకి చానళ్లు కావాలి. వరస ఏమిటి?

ముందు ప్రాంతీయ కమిటీకి దరఖాస్తు. ఎన్ని రేడియోలున్నాయి, ఎంత విస్తీర్ణం, సిగ్నల్ పటాలు, డబ్బు మంజూరైన రుజువు అన్నీ పెట్టాలి. కమిటీ చూసి, పొరుగు ప్రాంతానికి సెగ తగిలేలా ఉంటే వాళ్ల సమ్మతి కూడా తెమ్మంటుంది. ఆ తర్వాత ఎఫ్‌సీసీ గుర్తించిన ఫ్రీక్వెన్సీ కోఆర్డినేటర్ దగ్గరికి వెళ్తుంది. ఆప్కో, ఇమ్సా లాంటి సంస్థలు ఈ పని చేస్తాయి. ఆఖరున ఎఫ్‌సీసీ లైసెన్స్. పెద్ద వ్యవస్థ దశలవారీగా కట్టుకోవడానికి అయిదేళ్ల దాకా గడువు అడగవచ్చు. గడువు తీరినా కట్టకపోతే చానళ్లు వెనక్కి పోతాయి. చానళ్లు తీసుకుని దాచుకునే అలవాటుకు ఇదే మందు.

కొత్తవి వచ్చాక పాత చానళ్లు ఉంచుకోవచ్చా?

చాలా ప్రణాళికలు ఉంచుకోనివ్వవు. వీహెచ్‌ఎఫ్ నుంచి 800కి మారిన శాఖ పాత ఫ్రీక్వెన్సీలు వదిలేయాలి, అవి చిన్న ఊళ్లకు అక్కరకొస్తాయి. వదిలే దాకా అడుగుతూనే ఉండాల్సిన పని కూడా కమిటీదే. చెప్పినంత తేలిగ్గా ఎవరూ వదలరు.

పొరుగు ప్రాంతం ఒప్పుకోకపోతే?

ముందు మాట్లాడుకోవాలి. కుదరకపోతే ప్రాంతాల మధ్య వివాద పరిష్కార పద్ధతి ఉంది. అదీ తేలకపోతే ఎఫ్‌సీసీ తీర్పు. వాషింగ్టన్ దాకా వెళ్తే నెలలు గడుస్తాయని ఇద్దరికీ తెలుసు కాబట్టి, ఎక్కువ తగువులు యాంటెన్నా వంపు దగ్గరే తీరిపోతాయి.

అందరూ కలిసి మాట్లాడుకునే చానళ్లు ఏవి?

1987 ప్రణాళికలోనే అయిదు చానళ్లను దేశమంతా ఒకే పనికి పక్కన పెట్టారు. ఒకటి పిలుపుకు, నాలుగు పనికి. ఇప్పుడు వాటి పేర్లు 8కాల్90, 8టాక్91 నుంచి 8టాక్94 దాకా. ఏ రాష్ట్రం నుంచి వచ్చిన ఫైరింజనైనా ఆ పేరున్న చానల్‌కు తిప్పితే మాట కలవాలి. 700లోని ఉమ్మడి చానళ్లలో డిజిటల్ మాటలకు ప్రాజెక్ట్ 25 అనే ఒకే ప్రమాణం వాడాలి. వాటి అజమాయిషీ సాధారణంగా రాష్ట్ర స్థాయి కమిటీది.

చానల్ ఉండటం ఒక ఎత్తు, రేడియోలో అది ప్రోగ్రామ్ చేసి ఉండటం ఇంకో ఎత్తు. రేడియో నాబు మీద అది ఏ గడిలో ఉందో చేతికి అలవాటు ఉండటం మూడో ఎత్తు. మొదటిదానికే ప్రణాళిక పూచీ పడగలదు.

2001 సెప్టెంబరు 11న న్యూయార్క్‌లో విఫలమైంది స్పెక్ట్రమేనా?

స్పెక్ట్రమ్ ఒక్కటే అనడం తప్పు. ఉగ్రదాడిలో 9:59కి వరల్డ్ ట్రేడ్ సెంటర్ దక్షిణ టవర్ కూలాక ఉత్తర టవర్‌లోని ఫైర్ సిబ్బందికి బయటికి రమ్మని ఆదేశం వెళ్లింది. అందరికీ అది వినపడలేదు. ఎత్తైన ఉక్కు భవనంలో హ్యాండ్‌సెట్ సిగ్నల్ సరిగ్గా పారకపోవడం, ఒకే చానల్ మీద లెక్కకు మించిన మంది పడటం, పోలీసు హెలికాప్టర్ల నుంచి వచ్చిన హెచ్చరికలు ఫైర్ శాఖకు చేరే దారి లేకపోవడం అన్నీ కలిశాయి. ఆ రోజు 343 మంది ఫైర్ సిబ్బంది పోయారు. 2004లో విచారణ కమిషన్ పబ్లిక్ సేఫ్టీకి త్వరగా, మరింత స్పెక్ట్రమ్ ఇవ్వాలని సిఫార్సు చేసింది.

ఒక యాదృచ్ఛికం చెప్పాలి. పబ్లిక్ సేఫ్టీకి 2010 నాటికి ఇంకో 97.5 మెగాహెర్ట్జ్ కావాలని లెక్కగట్టిన ఇంకో సలహా కమిటీ నివేదిక చేతికందిన తేదీ 1996 సెప్టెంబరు 11. సరిగ్గా అయిదేళ్ల ముందు.

రీబ్యాండింగ్ అంటే ఏమిటి? ఎందుకు అంత పేరు మోసింది?

ఇల్లు మారడం లాంటిదే, కాకపోతే దేశంలోని 800 మెగాహెర్ట్జ్ పోలీసు, ఫైర్ రేడియోల్లో చాలాభాగం మారాలి. మొదట్లో నెక్స్‌టెల్ అనే మొబైల్ కంపెనీ చానళ్లూ, పబ్లిక్ సేఫ్టీ చానళ్లూ ఒకదాని పక్కన ఒకటి అల్లుకుని ఉండేవి. నెక్స్‌టెల్ సెల్‌ఫోన్ తరహాలో వీధివీధికీ పొట్టి టవర్లు పెట్టింది. పోలీసులకు ఎక్కడో దూరాన కొండ మీద ఒక్క టవర్. నెక్స్‌టెల్ టవర్ కింద నిలబడ్డ పోలీసు రేడియో పరిస్థితి బ్యాండుమేళం పక్కన నిలబడి దూరంనుంచి వచ్చే పిలుపు వినబోయినట్టే. ఎవరూ నియమం తప్పలేదు. రెండు రకాల నెట్‌వర్కులను ఇరుగుపొరుగున పెట్టడమే తప్పయింది.

2004లో ఎఫ్‌సీసీ వాటిని విడదీయమంది. ఎన్‌పీస్పాక్ చానళ్లు 15 మెగాహెర్ట్జ్ కిందికి దిగాయి. ఖర్చు నెక్స్‌టెల్ భరించాలి, బదులుగా దానికి 1.9 గిగాహెర్ట్జ్‌లో 10 మెగాహెర్ట్జ్ వచ్చింది. 2005లో మొదలైన పని మూడేళ్లలో అయిపోతుందనుకున్నారు. ముగిసింది 2021లో. మెక్సికో సరిహద్దు ప్రాంతాలు ఆఖరున తేలాయి. ప్రతి హ్యాండ్‌సెట్‌నూ చేతిలోకి తీసుకుని ప్రోగ్రామ్ మార్చాలి, అదీ వ్యవస్థను ఒక్క గంట కూడా ఆపకుండా. ప్రాంతీయ కమిటీలు తమ ప్రణాళికల్లోని ప్రతి చానల్‌నూ కొత్త నంబర్లతో తిరగరాశాయి.

కెనడా, మెక్సికో సరిహద్దుల్లో ఏం చేస్తారు?

అక్కడ కమిటీ ఇష్టం సాగదు. రెండు దేశాల ఒప్పందాల ప్రకారం చానళ్లు ముందే పంచి ఉంటాయి. కెనడా వైపు ‘లైన్ ఏ’ అనే ఊహాగీతకు ఉత్తరాన ఉన్న అమెరికా దరఖాస్తులకు కెనడా సమ్మతి కూడా చూస్తారు. బఫెలో, డెట్రాయిట్, సియాటిల్ లాంటి నగరాలు ఈ గీతకు అటువైపే పడతాయి.

ఫస్ట్‌నెట్ వచ్చింది కదా, ఈ ప్రణాళికలు ఇక మూలపడ్డట్టేనా?

2012 ఫిబ్రవరిలో వచ్చిన చట్టం దేశమంతటికీ ఫస్ట్‌నెట్ అనే ఒక్క పబ్లిక్ సేఫ్టీ బ్రాడ్‌బ్యాండ్ నెట్‌వర్క్‌ను ఏర్పరిచింది. దానికి 758–768, 788–798 మెగాహెర్ట్జ్ ఇచ్చి, 700 కోట్ల డాలర్లు కేటాయించింది. 2017లో ఏటీ అండ్ టీకి 25 ఏళ్ల కాంట్రాక్టు దక్కింది. ఆ స్పెక్ట్రమ్‌కు లైసెన్సుదారు దేశం మొత్తానికీ ఒకరే, ప్రాంతీయ పంపకం అనే మాటే లేదు.

వీడియో, పటాలు, రోగి వివరాలు దాని మీద బాగా నడుస్తాయి. మాట విషయంలో మాత్రం నేలమాళిగ సంగతి గుర్తు చేసుకోవాలి. టవర్ లేకుండా ఇద్దరి మధ్య గట్టిగా పలికే పాతకాలపు రేడియో గుణం ఫోన్ తరహా పరికరానికి ఇంకా చేతకాలేదు. అందుకే కౌంటీలు ఇవాళ్టికీ కొత్త 700, 800 రేడియో వ్యవస్థలు కడుతున్నాయి, దరఖాస్తులు కమిటీలకు వస్తూనే ఉన్నాయి.

టీ-బ్యాండ్ గొడవ ఏమిటి?

న్యూయార్క్, లాస్ ఏంజెలెస్, బోస్టన్, షికాగో సహా 11 మహానగర ప్రాంతాల్లో పబ్లిక్ సేఫ్టీ 470–512 మెగాహెర్ట్జ్‌లో టీవీ చానళ్ల మధ్య చోటు చూసుకుని బతుకుతోంది. ఆ చోటే టీ-బ్యాండ్. ఫస్ట్‌నెట్ ఇచ్చిన 2012 చట్టమే ఆ చోటు ఖాళీ చేయమంది, 2021లో వేలానికి ఏర్పాట్లు మొదలవ్వాలంది. ఖాళీ చేసి ఎక్కడికి వెళ్లాలి? ఆ నగరాల్లో 700, 800 రెండూ అప్పటికే కిక్కిరిసి ఉన్నాయి. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కున్నట్టయింది. ఎనిమిదేళ్లు మొత్తుకున్నాక 2020 డిసెంబరులో కాంగ్రెస్ ఆ నిబంధనను రద్దు చేసింది.

ఐటీయూ చెప్పే ‘రీజియన్’, ఇదీ ఒకటేనా?

కాదు. అంతర్జాతీయ సంస్థ ఐటీయూ ప్రపంచాన్ని మూడే రీజియన్లుగా చూస్తుంది. అమెరికా ఖండాలు రెండోది, భారత్ మూడోది. ఈ 55 ప్రాంతాలు అమెరికా దేశంలోపలి సంగతి.

మామూలు పౌరుడు మీటింగుకు వెళ్లవచ్చా?

నిరభ్యంతరంగా. అవి బహిరంగ సమావేశాలు. అరవై పేజీల పటాలు ముందు పెట్టుకుని రెండు గంటలు డీబీయూల గురించే మాట్లాడతారు, ఓపిక ఉండాలి. మీ ఊరి వాలంటీర్ ఫైర్ శాఖ తరఫున ఎవరైనా వస్తున్నారో లేదో మాత్రం చూడండి. రానివాళ్ల కొండ వెనక చీకటి గురించి ఆ గదిలో చెప్పేవాళ్లుండరు.